సైకాలజీకి పువ్వు అడిగాం

ఇంటర్ పరీక్షలు అయిన మర్నాటికే నా ప్లాను సిద్ధం. బెంగళూరులో సైకాలజీ డిగ్రీ. పుంగనూరు నుంచి రోజూ వెళ్ళి రావడం కుదిరే పని కాదు కాబట్టి కుప్పంలో మా అత్త ఇంట్లో ఉంటాను, పొద్దున్నే రైలెక్కుతాను, సాయంత్రం రైల్లో తిరిగొస్తాను. ఏ వైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఎండ తగలదో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. మొదటి సెమిస్టరు సిలబస్సును ఫోనులో ఎన్నిసార్లు చదివానో! జ్ఞాపకం, మరుపు, భయం, కోపం... ఇవన్నీ పాఠాలట. మా ఇంట్లో పొద్దున లేచింది మొదలు జరిగేవన్నీ అవే. వాటికి పరీక్ష పెట్టి డిగ్రీ కూడా ఇస్తారంటే నాకు సంతోషంతో కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఈ పిచ్చి నాకు మదనపల్లె హాస్టల్లో పట్టుకుంది. నా పక్క మంచం అమ్మాయి బాటనీ పాఠాలన్నీ తప్పు లేకుండా నాకు అప్పజెప్పేది. పరీక్ష హాల్లో కాగితం ముందు పెట్టగానే ఒక్క ముక్క గుర్తు రాక ఏడ్చేది. బయటికొచ్చాక మళ్ళీ అన్నీ గుర్తొచ్చేవి. తెలిసింది ఆ కాసేపూ ఎక్కడికి పోతుంది? మా లెక్చరరును అడిగితే, "దానికని ఒక చదువుంది, చదివి నువ్వే నాకు చెప్పు" అని నవ్వేసింది. ఆమె నవ్వి ఊరుకుంది, నేను ఊరుకోలేదు.

మా నాన్నకు పుంగనూరు బజారులో విత్తనాల దుకాణం. ఆయన పట్టు నర్సింగు మీద.

"నర్సింగంటే దుకాణానికొచ్చినోళ్ళకి ఒక్క మాటలో సెప్తా. నీదాన్ని ఏమని సెప్పేది? పిచ్చోళ్ళ సదువనా?" అనేవాడు.

"పిచ్చోళ్ళది కాదు నాన్నా, అందరిదీ. నీదీ, నాదీ."

"నాకేం పిచ్చి ల్యా." అంతటితో టీవీ సౌండు పెరిగేది.

నేనూ ఆయన కూతుర్నే. టీవీని మించి అరిచేదాన్ని. అన్నం దగ్గర అలిగేదాన్ని, మళ్ళీ ఆకలేసి వచ్చి కూర్చునేదాన్ని. ఈ గొడవ వీధిలో అందరికీ తెలిసిపోయింది. ఎదురింటామె నన్ను చూసినప్పుడల్లా మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని, "నా మనసులో ఏముండాదో సదవాకు తల్లీ" అని ఆట పట్టించేది. నాకు ఒళ్ళు మండేది.

సీటు తీసుకునే గడువు దగ్గరపడింది. నాన్న సరే అంటే తప్ప డబ్బు కట్టేది లేదు. రాజీ చేయడానికి కుప్పం నుంచి అత్త కూడా వచ్చింది. నాన్నకు అక్క కదా, ఆమె మాటైనా వింటాడనుకున్నాను. అది కూడా అయ్యేలా లేకపోయేసరికి నాన్నను కన్న మా అవ్వ తీర్పు చెప్పింది.

"మీరు అరుసుకునేది సాలు. అమ్మనే పువ్వడుగుదాం, పదండి."

మా ఇంట్లో బోరు వేయాలన్నా, సంబంధం ఖాయం చేయాలన్నా గంగమ్మ గుడికి వెళ్ళి పువ్వు అడగాల్సిందే. పూజారి అమ్మవారి రెండు భుజాలకూ తడిపిన చామంతి పువ్వులు అంటిస్తాడు. కుడిది ముందు రాలితే సరే, ఎడమది రాలితే వద్దు. ఆ మాటను నాన్న ఇంతవరకూ దాటింది లేదు. ఇంత ప్లాను వేసుకుంటే అదంతా ఒక చామంతి పువ్వు చేతిలో పెడతారా!

గుడిలో నాన్న చేతులు జోడించి గట్టిగా అడిగాడు. "అమ్మా, ఈ బిడ్డ ఆ సైకాలజీ సదవచ్చునంటే కుడిపక్క ఇయ్యి. వద్దంటే ఎడంపక్క ఇయ్యి."

అందరూ పువ్వుల్ని చూస్తున్నారు. నాకు చూసే ధైర్యం లేక నాన్నను చూశాను. క్యారమ్స్ ఆడేవాళ్ళు కాయిన్ వెంట ఒరిగినట్టు ఆయన మెల్లగా కుడి పువ్వు వైపుకు ఒరుగుతున్నాడు. నేను సరిగ్గా చూశానో లేదో అనుకునేలోపు అవ్వ "ఆ..." అంది.

ఎడమ పువ్వు రాలింది.

అమ్మ నా భుజం పట్టుకుంది. ఏడవకూడదని పళ్ళు బిగించుకున్నాను. గెలిచిన నాన్న మొహంలో గెలుపు లేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని పైకి చూశాడు.

"సామీ, ఆ ఫ్యాను ఎవురేసినారు?"

"ఉక్క గదప్పా, పొద్దట్నించీ తిరగతానే ఉండాది" అన్నాడు పూజారి.

"ఆపండి. గాలికి రాలిండాది. ఇంగోసారి పెట్టండి."

"ఒకే మాట రెండుసార్లు అడక్కూడదురా" అంది అవ్వ, కంగారుపడిపోయి.

"అదే మాట యాల అడగతానమ్మా? ఇది వేరే మాట." ఫ్యాను ఆగేదాకా ఆగి, మళ్ళీ చేతులు జోడించాడు. "అమ్మా, ఈ బిడ్డ కుప్పంలో అక్క ఇంట్లో ఉండి పోయొచ్చేదయితే కుడిపక్క ఇయ్యి. బెంగుళూరు హాస్టలయితే ఎడంపక్క ఇయ్యి."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. నా చెవి దగ్గరకు వంగి, "మీ నాయన దినామూ నాకు ఫోన్ సేసి రైలు టైములు అడగతాండాడు. నీకు సెప్పొద్దన్నాడు" అంది.

ఆ మాట నాకు ఎక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కగానే అంతసేపూ బిగించిన పళ్ళు వదులై, అమ్మవారి ముందే భోరున ఏడ్చేశాను. అంత సంతోషం నాకు అంతకుముందు తెలియదు. ఇక ఏ పక్క రాలినా చదువు నాదే.

"నాన్నా..." అన్నాను.

ఆయన నావైపు తిరగలేదు. తువ్వాలుతో మళ్ళీ మొహం తుడుచుకున్నాడు.

"మాట్లాడాకండి అందురూ. పువ్వు రాలనీండి."