బాత్‌రూమ్‌లో దొరికిన సినిమా

నేను పుట్టి పెరిగింది అమెరికాలో, బెంటన్‌విల్ అనే ఊళ్ళో. సినిమా కోర్సు చదవడానికి లాస్ ఏంజెలస్ వెళ్ళినా, మొదటి షార్ట్ ఫిల్మ్ మాత్రం మా ఊళ్ళోనే తీద్దామని వచ్చాను. కథ మా అమ్మదే. పెళ్ళై కొత్తగా ఈ ఊరొచ్చిన అమ్మాయికి డ్రైవింగ్ రాదు. భర్త ఆఫీస్‌కి వెళ్తే రోజంతా ఇంట్లో ఒక్కతే.

ఆ వేషానికి మా పైన అపార్ట్‌మెంట్‌లో ఉండే అక్కని అడిగాను. వరంగల్ నుంచి వచ్చి ఏడాది కాలేదు, ఎప్పుడూ నటించలేదు. కిటికీ దగ్గర నిలబడి ఏడవమంటే, ఎన్ని టేకులు తీసినా నవ్వొచ్చేస్తోంది తనకి.

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. "నేనెప్పుడు ఏడ్చానే? నీకెవరు చెప్పారు?"

"ఏడవలేదా మరి?"

జవాబు చెప్పేలోపే, పెద్ద సుడిగాలి వస్తోందని హెచ్చరించే టోర్నడో సైరన్ మోగింది. ఆకాశం పసరు రంగుకి తిరిగింది. ముగ్గురం కిటికీల్లేని బాత్‌రూమ్‌లోకి దూరాం. నా చేతిలో సౌండ్ రికార్డర్ ఆన్‌లోనే ఉండిపోయింది.

"ఇప్పుడేం జేయాలె ఆంటీ?" అంది అక్క.

"చేసేదేం లేదమ్మా, కూర్చోవడమే," అంటూ అమ్మ టబ్ అంచున కూర్చుంది.

మొదటిసారి ఈ సైరన్ విన్నప్పుడు అమ్మ, వాళ్ళ ఊళ్ళో మిల్లు కూత లాంటిదే అనుకుని బాల్కనీలో బట్టలు ఆరేస్తూ ఉండిపోయిందట. కింది వాటాలో ఉండే ముసలావిడ, అమెరికన్, వచ్చి తలుపు బాదింది. చెయ్యి పట్టుకుని ఈడ్చుకెళ్ళి తన టబ్‌లో కూర్చోబెట్టింది. ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదు. గాలి తగ్గాక ఆవిడ కాఫీ ఇచ్చింది. తర్వాత చర్చి పార్కింగ్ లాట్‌లో అమ్మకి డ్రైవింగ్ నేర్పిందీ ఆవిడే.

ఇదంతా నేనెప్పుడూ వినలేదు. అక్క కళ్ళు తుడుచుకుంటోంది.

"మా పక్కింట్ల ఎవరుంటరో నాకింకా తెల్వది ఆంటీ," అంది.

టోర్నడో మా వైపు రాలేదు. కిటికీ సీను పక్కన పడేశాను. ఆ వారమే అదే బాత్‌రూమ్‌లో, అక్కతోనే, రికార్డర్‌లో అమ్మ చెప్పినట్టే తీశాను. ముసలావిడగా మా హైస్కూల్ డ్రామా టీచర్ చేసింది. "అంత మెల్లగా కాదు, చెయ్యి ఊడొచ్చేలా లాగింది," అని అమ్మ పక్కనుంచి దిద్దుతూనే ఉంది.

ఊరి లైబ్రరీలో చిన్న హాల్లో వేశాం. మిల్లు కూత దగ్గర జనం బాగా నవ్వారు. అమ్మ మాత్రం, "ఆవిడ ఇంకాస్త లావుగా ఉండేది," అంది.

తర్వాత తీయబోయేది ఊరి బయట కోళ్ళఫారాల్లో పనిచేసేవాళ్ళ గురించి. ఈసారి రాయకముందే వెళ్ళి వాళ్ళనే అడుగుతున్నాను.