రెండోసారి వచ్చిన క్రేన్

పనిచోట అతన్ని అందరూ చేతుల మేస్త్రి అనేవారు. పెద్ద భవనాల పైకప్పుల మీదికి వేడిగాలి, చల్లగాలి రెండూ ఇచ్చే యూనిట్లను ఎక్కించి బిగించడం అతని పని. ఒక్కొక్కటి చిన్న వ్యానంత ఉంటుంది. క్రేన్ నడిపేవాడికి కిందనుంచి పైకప్పు కనపడదు కాబట్టి, పైన నిలబడి చేతులతో సైగలు చేసేవాడే అతనికి కళ్ళు. మేస్త్రి పిడికిలి బిగిస్తే గాలిలో ఉన్న బరువు ఎక్కడిదక్కడ ఆగిపోయేది. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. తలుపు వెయ్యమన్నా, ఫ్యాను తగ్గించమన్నా చేతులే. "మా అల్లుడి చేతులు కట్టేస్తే పాపం మూగవాడైపోతాడు" అని అత్తగారు మురిపెంగా నవ్వేది.

అత్తగారూ బావమరిదీ అదే ఇంట్లో పై వాటాలో ఉండేవారు. బావమరిదికి పని నేర్పింది మేస్త్రే. పైకప్పు మీద ఎక్కడ చూసినా ఇద్దరూ జంటగానే కనిపించేవారు, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ.

ఆ ఆదివారం ఉదయం గ్రంథాలయం మీదికి యూనిట్ ఎక్కించాలి. వీధికి అటూ ఇటూ తాడు కట్టి రాకపోకలు ఆపేశారు. మేస్త్రి అన్నీ దగ్గరుండి చూసుకున్నాడు. నాలుగు మూలలా కొక్కేలు తగిలించాడు. గొలుసులు పక్క రేకుల్ని నొక్కకుండా పైన అడ్డకడ్డీ పెట్టించాడు. జానెడెత్తు లేపించి ఆపి చూస్తే ఒక మూల వాలుతోంది. దింపించి, గొలుసు సరిచేసి మళ్ళీ లేపించాడు. బరువు కిందికి ఎవరినీ రానివ్వలేదు.

లేపే ముందు, పని పర్యవేక్షించే ఇంజనీరమ్మాయి అడిగింది. "మేస్త్రిగారూ, గాలి వదిలే వైపేదో, లాక్కునే వైపేదో ప్లాస్టిక్ విప్పి చూశారా? బాణం గుర్తు లోపలుంటుంది."

"ఇవి నా చేతుల మీదుగా ఎన్ని వెళ్ళాయో తెలుసా అమ్మా?" అంటూ ఈగను తోలినట్టు చెయ్యి ఊపేశాడు. చూడలేదు.

మేస్త్రి పైకప్పెక్కి సైగ చెయ్యగానే యూనిట్ పైకి లేచింది. బావమరిది దానికి కట్టిన తాడు పట్టుకుని అది గిర్రున తిరగకుండా చూశాడు. పైకప్పు మీద ముందే బిగించి ఉన్న ఇనప చట్రం మీద అది పువ్వులా వాలింది. వీధిలో ఆగి చూస్తున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. మేస్త్రి పిట్టగోడ దగ్గరికొచ్చి, నాటకంలో రాజులా వంగి దండం పెట్టాడు. క్రేన్ వెళ్ళిపోయింది. సాయంత్రం వస్తానని ఇంజనీరమ్మాయీ వెళ్ళింది.

భవనంలోకి గాలి మోసే గొట్టాలు, డక్టులు కలపడానికి పక్క రేకు విప్పి లోపలికి తొంగిచూసిన బావమరిది కాసేపు బయటికి రాలేదు. వచ్చాక మెల్లిగా అన్నాడు. "బావా, ఇది వెనకా ముందూ అయింది. గాలి వదిలే నోరు, లాక్కునే డక్టు మీద కూర్చుంది."

మేస్త్రి అతన్ని పక్కకు జరిపాడు. తనే తల పెట్టి చూశాడు. నిజమే. ప్లాస్టిక్ చించితే ఎర్రటి బాణం కనిపించింది, చంటిపిల్లాడు కూడా పోల్చుకునేంత పెద్దది.

"ఫోన్ చేసేద్దాం బావా. క్రేన్ మళ్ళీ రావాలి. తిట్లు తింటాం, అంతేగా? తిట్లకి కడుపు నిండదు, చిల్లూ పడదు."

మేస్త్రి చెవుల్లో చప్పట్లు ఇంకా మోగుతున్నాయి. ఆ వీధినే మళ్ళీ మూయించి, ఆ జనం ముందే మళ్ళీ దాన్ని ఎత్తించాలి. ఆ ఇంజనీరు పిల్ల 'అడిగాను కదండీ' అనకపోయినా చూపుతోనే అంటుంది. ఆ ఊహకే అతనికి తల కొట్టేసినట్టయింది.

"జాకీలూ పైపులూ ఉన్నాయిగా. మెల్లిగా తిప్పేద్దాం" అన్నాడు.

"మనిద్దరమేనా? జారితే?"

"నాకే నేర్పుతావా? గడ్డపార తే."

బావ మాట కాదనడం ఆ మనిషికి అలవాటు లేదు. తెచ్చాడు.

ఒక అంచు లేచింది. కింద పైపు దూర్చారు. రెండో అంచు లేపుతుండగా జాకీ చట్రం మీదనుంచి పక్కకు జారింది. యూనిట్ మూల దబ్బున దిగింది. బావమరిది కేక వెయ్యలేదు, "బావా" అన్నాడంతే. ఎడమచేతి వేళ్ళు రెండు కింద ఇరుక్కున్నాయి. మేస్త్రి గడ్డపార మీద ఒళ్ళంతా వేసి అంచు లేపేసరికి ఆ మనిషి ముఖం పాలిపోయి ఉంది.

ఆస్పత్రికి ఇంజనీరమ్మాయి పరిగెత్తుకొచ్చింది. "ఎలా జరిగింది?"

మేస్త్రి నోరు తెరిచేలోగా మంచం మీదనుంచి బావమరిది అందుకున్నాడు. "యూనిట్ వెనకాముందై కూర్చుందని చూసి, నేనే తొందరపడి కదిపానండీ. బావ వద్దన్నా వినలేదు."

అప్పుడు నోరు విప్పాల్సింది. మేస్త్రి చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, నేల మీది పలకల గీతలు చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికొచ్చాడు. భార్య ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉంది. అయినా ముందు అతనికే కంచం పెట్టింది. "మీరు పక్కన లేకపోతే నా తమ్ముడు ఏమైపోయేవాడో" అంది. అత్తగారు అతని రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "చల్లగా ఉండాలి బాబూ, ఈ చేతులే వాణ్ణి కాపాడాయి."

అతను కంచంలో చెయ్యి పెట్టనేలేదు. పొయ్యి మీద గిన్నె తాకినట్టు చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"ఈ చేతులే అత్తయ్యా వాణ్ణి..." అని మొదలుపెట్టి, అంతా చెప్పాడు. బాణం చూడకపోవడం, చప్పట్లు, జాకీ, ఆస్పత్రిలో నోరు మూసుకోవడం, ఏదీ దాచలేదు.

అత్తగారు లేచి మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. భార్య అతని వైపు చూడకుండా అడిగింది.

"వాడు వద్దన్నాడా?"

"అన్నాడు."

"ఫోన్ చేద్దామన్నాడా?"

"అన్నాడు."

ఇంకేమీ అడగలేదు. అరిచి ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్ళి ఇంజనీరమ్మాయికి చెప్పాడు. ఆమె కోప్పడలేదు. కొన్నాళ్ళపాటు అతను సైగలు చెయ్యకూడదని, రెండోసారి ఎత్తేటప్పుడు తాడు పట్టుకోవాలని చెప్పింది. "ఈసారి మీరు చెప్పేదాకా కాదు, బాణం చూసేదాకా ఎవరూ కొక్కెం తగిలించరు" అంది. అతను తలూపాడు.

యూనిట్ పడి వంగిన చట్రం అంచు సరిచేశాక వీధి మళ్ళీ మూశారు. జనం మళ్ళీ ఆగారు. "మొన్న పెట్టారుగా, మళ్ళీ ఎందుకు?" అని ఎవరో అడిగితే, "తిప్పి పెట్టాడట మేస్త్రి" అని ఇంకెవరో నవ్వారు. పైకప్పు మీద వేరొకతను సైగలు చేశాడు. మేస్త్రి, ఆ రోజు బావమరిది నిలబడ్డ చోట నిలబడి, అదే తాడు పట్టుకున్నాడు. చెయ్యి పైకెత్తబోయి రెండుసార్లు ఆపుకున్నాడు. యూనిట్ సగం తిరిగి సరిగ్గా దిగింది. ఈసారి చప్పట్లు లేవు.

బావమరిదికి ఒక వేలు దక్కింది, రెండోదాని కొస పోయింది. కట్టు విప్పిన రోజు మేస్త్రి పై వాటాకి వెళ్ళి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నీమీద నింద వేసుకుని నన్నెందుకు కాపాడావురా?" అని అడిగాడు.

"నీకోసం కాదు బావా. అక్కకి తెలిస్తే ఇల్లు ఎలా ఉంటుందోనని" అన్నాడు బావమరిది. "నువ్వు చెప్పేశావని తెలిసి ముందు కోపమొచ్చింది. తర్వాత నిద్రపట్టింది" అన్నాడు.

లోపలికి రమ్మని బావమరిది అనలేదు, పొమ్మనీ అనలేదు. మంచం మీద కొంచెం పక్కకు జరిగాడు. మేస్త్రి వెళ్ళి ఆ చివర కూర్చున్నాడు. కింద వంటింట్లో భార్య గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినపడుతోంది. ఆమె ఇంకా అతనితో అవసరానికి తప్ప మాట్లాడటం లేదు.