దింపుడు కల్లం దగ్గర వంగని మెడ

మిలిట్రీ హెలికాప్టర్లో తిరిగే కొడుక్కి తండ్రి చెవిదాకా వంగడానికి నామోషీ అయిందట. సాయిలు పోయిన నాటినుంచి మక్తల్ పక్కన మా వాడకట్టులో ఇదే ముచ్చట. ఇందులో చూసింది సగం, అల్లింది సగం.

చూసింది ఇది. గొర్రెలు కాసి బతికిన సాయిలును మోసుకుపోతూ నడిమిట్ల, దింపుడు కల్లం దగ్గర, పాడె దించారు. ఊపిరి ఏ మూలనన్నా మిగిలి ఉంటే లేస్తాడని, చెవిలో కొడుకు మూడుసార్లు పిలవాలి. పరశురాములు మోకాళ్ల మీద కూర్చున్నాడు గాని మెడ వంచలేదు. ఎదురుగా ఉన్న తుమ్మచెట్టుతో చెప్పినట్టు మూడుసార్లు "నాయినా" అని లేచాడు.

ఆడవాళ్లు వాడకట్టు చివరే ఆగిపోయారు. మగవాళ్ల నోట విన్న ఈ మాటను తల్లి మారెమ్మ చెవిన వేసింది పక్కింటి జానమ్మ. ఆనాటినుంచి మారెమ్మ కొడుక్కి అన్నం పెట్టి మొహం తిప్పుకుంటోంది. పన్నెండో రోజు అతను రైలెక్కాలి. ఈ కోపం ఇట్లాగే ఉండగా పంపాల్సి వస్తుందేమోనని ఆమెకు లోపల్లోపల కాలుతోంది.

కోపమున్నా తల్లి కళ్లు ఊరుకోవు కదా. పిలిస్తే కొడుకు మెడ తిప్పడు, మనిషంతా తిరుగుతాడు. చాయ్ గ్లాసులో చివరి గుక్క ఎప్పుడూ మిగిలిపోతుంది. పదో నాడు గుండు గీసిన మంగలి భిక్షం, కత్తి సంచిలో పెట్టుకుంటూ ఆమె దగ్గర ఆగాడు.

"మారెమ్మక్కా, పొగరు గాదే. తల వంచుదామని చెయ్యి వెడితే పిల్లగాని కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. నేనే రాయెక్కి గీసిన."

ఆ సాయంత్రం ఆమె కొడుకు ఎదురుగా కూర్చుంది. అడగ్గా అడగ్గా చెప్పాడు. రాత్రి ఎగిరేటప్పుడు చీకట్లో చూపు ఇచ్చే అద్దాలు టోపీ ముందు తగిలిస్తారు. ఆ బరువుకు తల ముందుకు వాలకుండా వెనక ఇంకో బరువు కడతారు. లోకం పచ్చగా, గొట్టంలోంచి చూసినట్టు కనబడుతుంది. పక్కన ఏముందో చూడాలంటే తలంతా తిప్పాలి. అతని పని తలుపు దగ్గర బయటికి వంగి, కింద చెట్టుందో తీగ ఉందో పైలట్‌కు చెప్పడం. యంత్రం ఒళ్లంతా వణికిస్తూనే ఉంటుంది. ఎనిమిదేళ్లకు మెడ ఎముకల నడుమ మెత్తని బిళ్లలు పాడై నరాన్ని నొక్కాయి. ఆరు నెలల కిందట ఎగరడం ఆపించి, సామాను గదిలో కూర్చోబెట్టారు.

ఆ సంగతి సాయిలుకు చెప్పలేదు. ఎట్లా చెబుతాడు? బీట్లో గొర్రెలు మేపుతుండగా ఆకాశంలో ఏది మోగినా కట్టె పైకెత్తి, గదే మావోడు అనేవాడు ఆయన. తప్పిపోయిన గొర్రె ఆ అద్దాల్లో దొరుకుతుందా అని ఫోన్లో అడిగి నవ్వేవాడు. పోయేదాకా కొడుకు ఎగురుతున్నాడనే అనుకున్నాడు.

మారెమ్మ అతని మెడ మీద చెయ్యి వేసింది. కట్టెలా ఉంది. ఎన్నాళ్లయిందో, ఏ మందు వాడుతున్నాడో ఏమీ అడగలేదు. పది రోజులుగా గొంతులో ఉన్నదే అడిగింది.

"వంగరాకపోతే, మీ నాయిన పక్కన జర ఒరిగి పండుకొనన్నా చెవుల పిలువకపోతివా కొడుకా?"

పరశురాములు మనిషంతా ఆమె వైపు తిరిగాడు.

"పండుకుంటే చెవి అందేది. గా ఉపాయం పాడె లేపినంక తోచిందమ్మా."