మేస్త్రి మావ చెవులు

మంగళవారం పొద్దున కొట్టు తలుపులు తీస్తుంటే అరసవల్లి నుంచి ఫోను వచ్చింది. మావ షెడ్డు పక్కన టైర్ల కొట్టతను. "బావూ, మేస్త్రి పోనాడు. తెల్లారగట్ల గుండెల్లో నొప్పన్నాడట. ఆస్పత్రికి తీసుకెల్లేలోపే..." అన్నాడు. తీసిన తలుపు మళ్ళీ మూసేసి బండెక్కాను. దారిపొడవునా గేరుబాక్సు కిక్కురుమనలేదు. దాని నోరు మూయించింది ఆయనే. అది తలుచుకుని ఏడుస్తూనే నడిపాను.

మావ అంటే చుట్టం కాదు. మాది శ్రీకాకుళంలో బట్టల వ్యాపారం. ఆయన అరసవల్లి దారిలో రేకుల షెడ్డు వేసుకుని ముప్పై ఏళ్ళకు పైగా జీపులూ పెద్ద బళ్ళూ బాగుచేసిన మెకానిక్కు. ఊరందరికీ మేస్త్రి. మా నాన్న బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మావ. నాన్న పోయాక ఆయన ఎస్‌యూవీ నా చేతికొచ్చింది. పద్దెనిమిదేళ్ళ బండి. అమ్మెయ్యమని ఇంట్లో అందరూ పోరుతూనే ఉన్నారు. మావ ఉన్నాడన్న ధైర్యంతోనే ఉంచుకున్నాను.

మోత వస్తోందని బండి తెస్తే మావ ముందు పానా పట్టుకునేవాడు కాదు. ఆ మోతని నోటితో చేసి చూపించమనేవాడు. గంజి పెట్టిన చొక్కా వేసుకున్న పెద్దమనుషులు నలుగురి ముందు "గలగల... కాదు కాదు, గరగర" అంటూ ఎర్రబడిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. అంతా విని, "ఎప్పుడొస్తాదో అందరూ సెప్తారు బావూ. ఎప్పుడు ఆగతాదో అది సెప్పు" అనేవాడు.

ఆయన విద్య అంతా ఆ మాటలోనే ఉంది. బండి న్యూట్రల్లో ఉన్నప్పుడు మోత వస్తూ, క్లచ్ నొక్కగానే ఆగిపోతే గేరుబాక్సు ముందు బేరింగు మీద అనుమానం. నొక్కినప్పుడే మొదలైతే క్లచ్ బేరింగు. బండి పరిగెడుతున్నప్పుడు మాత్రమే వస్తే వెనకెక్కడో చూడాలి. గేరు రాడ్డు ఒక్కటే వణుకుతుంటే అడుగున చిన్న బుష్ అరిగి ఉంటుంది, దానికి గేరుబాక్సు దింపక్కర్లేదు. చెప్పులు విప్పి సీట్లో కూర్చుని, పాదాలు నేలకి ఆనించి, గేరు రాడ్డు మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకునేవాడు. కళ్ళు తెరిచాక ఒకే ప్రశ్న. "ఆకరిసారి దీన్ని ఎవులు ముట్టుకున్నారు? ఏటి సేసేరు?"

నేను అబద్ధం చెప్పింది ఆ ప్రశ్నకే.

నాకు క్లచ్ మీద కాలు వేసి నడిపే పాడలవాటు ఉంది. మావ ఎన్నిసార్లో నా మోకాలి మీద తట్టి, "కాలు తియ్యి బావూ, అది కాళ్ళు పెట్టుకునే పీట కాదు" అన్నాడు. ఆయన చేత్తో కొత్త క్లచ్ వేసి ఏడాది తిరగలేదు, గరివిడి నుంచి వస్తుంటే బండి లాగడం మానేసింది. కాలిన వాసన. అక్కడే ఒక షెడ్డులో క్లచ్ లోపలి ప్లేటొక్కటే మార్పించుకుని ఇంటికొచ్చాను. మర్నాటి నుంచి మోత మొదలైంది.

మావ దగ్గరికి తీసుకెళ్ళాను. క్లచ్ నొక్కితే ఆగుతోంది, వదిలితే వస్తోంది. ఆయన అడగవలసింది అడిగాడు. "ఎవరూ ముట్టుకోలేదు మావా" అన్నాను. నలభై రెండేళ్ళవాడిని, ఇద్దరు పిల్లల తండ్రిని. ప్లేటు కాల్చేశానని తెలిస్తే తిడతాడని భయపడ్డాను, అంతే. అంతకు మించి కారణం లేదు.

నా మాట నమ్మి ఆయన గేరుబాక్సు దింపాడు. అరవై దాటిన మనిషి, రెండు రోజులు గోనె పరుచుకుని బండి కింద వెల్లకిలా పడుకున్నాడు. ఆ క్లచ్ తను వేసిందే కదా అని దాని కవరు విప్పి చూడలేదు. కొత్త బేరింగులు వేసి, అన్నీ బిగించి, బండి స్టార్టు చేశాడు. అదే మోత. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస గేరుబాక్సుకి, ఇంకో కొస చెవికి ఆనించి చాలాసేపు విన్నాడు. చివరికి డబ్బా మీద కూర్చుని చేతులు తుడుచుకుంటూ, "వయసైపోనాది బావూ. సెవులు నన్ను మోసం సేసినాయి" అన్నాడు. ప్లేటు వల్లేనని నాకు ఖాయంగా తెలీదు గానీ అనుమానం మాత్రం గట్టిగానే ఉంది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పకుండా బండి తాళాలు అందుకున్నాను.

ఆ తర్వాత ఆయన గేరుబాక్సు పనులు ముట్టుకోవడం మానేశాడు. బ్రేకులూ, ఆయిలు మార్చడం, అంతే. మూడు నెలలు అలాగే గడిచాయి. నేను ఆ మోతతోనే బండి నడుపుకుంటూ తిరిగాను. ఒకరోజు షెడ్డు ముందు ఆగితే, సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన చేపల వ్యాను డ్రైవరు నోటితో మోత చేసి చూపిస్తున్నాడు. మావ తల ఎత్తలేదు. "నాకు ఇనపడదు నాయినా. ఇంకో మేస్త్రికి సూపించుకో" అన్నాడు. ఆ కుర్రాడు "మా అయ్య నీ కాడికే ఎల్లమన్నాడు" అంటూ నిలబడిపోయాడు. నాకు నా మీదే అసహ్యమేసింది.

ఆ సాయంత్రం మావ ఇంటికెళ్ళాను. అత్త, అంటే ఆయన భార్య, గుమ్మంలో బియ్యం ఏరుతోంది. కూర్చోమన్నా కూర్చోకుండా మొత్తం చెప్పేశాను. మావ తిట్టలేదు.

"కవరు మార్సేరా?"

"లేదు మావా, పైన పాత కవరే. లోపల ప్లేటొక్కటే."

"సవక ప్లేటు. మజ్జిలో స్ప్రింగులు లూజై ఉంటాయి" అన్నాడు తనలో తాను. ఇంజను కుదుపుని మింగాల్సింది ఆ స్ప్రింగులే. అవి వదులైతే గేర్ల పళ్ళు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, క్లచ్ నొక్కితే ఆగుతాయి. బేరింగు పోయినా అచ్చం అలాగే ఉంటుంది. "అయితే నాను ఇన్నది నిజవేనా?"

"నిజమే మావా. నేనే చెప్పలేదు."

"ఒసే! నా సెవులు పోనేదే!" అని అరిచాడు.

అత్త చాట విసిరికొట్టింది. "నువ్వు మనిసివేనా బావూ? మూడు నెల్లు ఆయనికి ముద్ద దిగనేదు. పిలిస్తే పలకడం మానేసాడు, ఇనపడతన్నా ఇనపడనట్టే ఉన్నాడు" అని ఏడ్చింది. ఆ తిట్లు నాకు దక్కవలసినవే.

రెండు రోజుల్లో మంచి ప్లేటు వేశాడు, మోత ఆగింది. తర్వాత పోయేదాకా, ఎనిమిది నెలల పాటు ఎన్నో గేరుబాక్సులు దింపాడు. నా అబద్ధం సంగతి మళ్ళీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. ఇలాంటి మనిషి నన్ను మేనల్లుడిలా చూసుకున్నాడు. దానికి నేను తగినవాణ్ణి కాననే అనుకుంటాను.

కానీ నాకు ఎక్కువ గుర్తొచ్చేది ఆ సాయంత్రమే. అత్త ఇంకా తిడుతుండగానే మావ లేచి, బనీను మీదే రోడ్డు పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. మేమిద్దరం వెనకాలే వెళ్ళాం. కళ్ళు మూసుకున్నాడు. "ఆటో. రెండో గేరు" అన్నాడు. ఆటో వెళ్ళింది. "లారీ. మూడులోకి దించినాడు." లారీ వెళ్ళింది. అత్త ఏదో అనబోయింది. ఆయన కళ్ళు తెరవకుండానే మమ్మల్ని మాట్లాడొద్దన్నట్టు చెయ్యెత్తాడు. చెంపల మీదుగా నీళ్ళు కారుతుంటే, దూరంగా ఇంకా కనపడని బండి కోసం చెవి ఒగ్గి నిలబడ్డాడు.