హెడర్లు బిగించిన శుక్రవారం

పోయిన వారం ఇక్కడ కువైట్‌లో ఫహాహీల్ కోస్టు రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం. పక్కనే ఒక కుర్రాడు తన కారు ఆపి, పచ్చ లైటు పడేదాకా ఓపిక లేక యాక్సిలరేటర్ తొక్కుతూ కూర్చున్నాడు. మా అమ్మాయి రెండు చెవులూ మూసుకుంది. నేను మాత్రం అద్దం దించి, కాసేపు విని, "పాపం, ఆ అబ్బాయి కారుకి ఎక్కడో బోల్టు వదులైందే. పొగ పక్కనించి కొడుతోంది. ఆ టిక్ టిక్ విన్నావా?" అన్నాను. అది నావైపు చూసిన చూపు మీరు చూసి ఉండాల్సింది. ఇన్నేళ్లుగా ఇండియన్ స్కూల్లో పిల్లలకి సోషల్ పాఠాలు చెప్పుకునే మనిషిని నేను. సాంబారులో ఉప్పు తగ్గిందని చెప్పినంత తేలిగ్గా ఇంజిను జబ్బు చెప్పేస్తే ఆశ్చర్యంగానే ఉంటుంది మరి. ఆ విద్య నాకు ఎలా అబ్బిందో చెప్పాలంటే మా ఆయన కారు గురించి చెప్పాలి. అంతకంటే ముందు మా బావగారి గురించి చెప్పాలి.

బావగారంటే మా ఆయనకి అన్నగారు. హవల్లీలో ఒక పాత బిల్డింగులో ఉండేవారు. ఆయిల్ కంపెనీలో పంపులు, కంప్రెసర్లు చూసే ఇంజినీరు. సెలవు రోజున కూడా ఇస్త్రీ చొక్కా వేసుకునే మనిషి. మా ఇంటికి వచ్చినా సరే, గుమ్మం దగ్గర అందరి చెప్పులూ వరసగా సర్ది గానీ లోపలికి వచ్చేవారు కాదు. మా ఆయన్ని విజయవాడ నుంచి కువైట్‌కి తెచ్చింది ఆయనే. తన మేనేజరుకి ఒక మాట చెప్పి, తన కంపెనీలోనే ఉద్యోగం ఇప్పించారు. కొత్తలో మేం వాళ్లింట్లోనే ఉన్నాం. మా తోడికోడలు, నేను అక్కయ్యా అని పిలుస్తాను, అరబ్బు రొట్టెతో ఏ కూర కలుస్తుందో, బకాలా కొట్లో కరివేపాకు ఏ రోజు వస్తుందో అన్నీ నేర్పింది. అన్నదమ్ములిద్దరూ పొద్దున్నే ఒకే కారులో వెళ్లి ఒకే కారులో వచ్చేవాళ్లు.

అలాంటివాళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి. మా ఆయనకి వేరే కంపెనీలో మంచి ఉద్యోగం దొరికింది. అన్నగారికి ఒక్క ముక్క చెప్పకుండా కాగితాలన్నీ కదిపి, పాత కంపెనీ నుంచి రిలీజు తీసుకున్నాడు. ఆ సంగతి బావగారికి తమ్ముడు చెప్పగా తెలియలేదు, ఆఫీసు క్యాంటీన్లో ఎవరో అభినందనలు చెబితే తెలిసింది. మేనేజరు ముందు తలవంపులైంది. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "నేను తెస్తే వచ్చినవాడివిరా నువ్వు" అన్నారు. అంతే. ఆ తర్వాత మేం హవల్లీ వైపు వెళ్లడం మానేశాం. తెలుగువాళ్ల ఉగాది కార్యక్రమంలో ఒకే వరసలో కూర్చునేవాళ్లం. అటు చివర ఆయన, ఇటు చివర ఈయన, మధ్యలో మేమిద్దరం తోడికోడళ్లం, ఏమీ జరగనట్టు చీరల గురించి మాట్లాడుకుంటూ. ఏళ్లు అలాగే గడిచాయి.

ఇక కారు. మా ఆయన ఆఫీసులో ఒక కువైటీ అబ్బాయికి పెళ్లయి, కవలలు పుట్టి, పెద్ద బండి కొనుక్కోవాల్సి వచ్చి, తన ముద్దుల కారుని మా ఆయనకి అంటగట్టాడు. ఎనిమిది సిలిండర్ల అమెరికన్ మజిల్ కారు. ముందు భాగం పొడుగు, వెనక సీటు పేరుకి మాత్రమే. మేం అద్దెకుండేది ఒక పాత విల్లాలో కింది వాటా కాబట్టి, గేటు లోపల రేకుల షెడ్డు కింద దానికి చోటు దొరికింది. అందులో కూరగాయలు తేవడానికి వెళితే మార్కెట్లో అందరూ తిరిగి చూసేవాళ్లు, నేను చున్నీ ముఖం మీదికి లాక్కునేదాన్ని. మా ఆయనకి మాత్రం ఆ చప్పుడు చాలలేదు. చప్పుడు కోసం కాదనేవాడు. "పొగ బయటికి పోయే దారి ఇరుకుగా ఉంది. ముక్కుదిబ్బడ పట్టినవాడు పరిగెత్తితే ఎలా ఉంటుంది? ఇదీ అంతే" అని నాకు చెప్పి, అమెరికా నుంచి హెడర్లు తెప్పించాడు. అట్టపెట్టె విప్పితే రెండు ఇనుప సాలెపురుగుల్లా ఉన్నాయి. ఒక్కోదానికి నాలుగేసి గొట్టాలు, వంకర్లు తిరిగి చివర ఒకచోట కలిసేవి. ఇంజినుకి పుట్టుకతో ఉన్న పోత ఇనుప గొట్టాలు తీసి వీటిని పెట్టాలట. కింద సైలెన్సర్ మాత్రం పాతదే ఉంచుతానని నాకు మాటిచ్చాక గానీ ఆ పెట్టె ఇంట్లోకి రానివ్వలేదు. అది డైనింగ్ టేబుల్ కింద చాలాకాలం పడి ఉంది. కాలికి తగిలినప్పుడల్లా "ఎప్పుడు పెడతావు?" అని నేను, "చలికాలం రానీ" అని ఆయన.

ఆ చలికాలం వచ్చేసరికి అక్కయ్య ఫోన్ చేసింది. "మేం వెళ్లిపోతున్నామే. మీ బావగారు ఇక్కడుండే ఇఖామా ఇంక రెన్యూ చేయించరట. వయసైపోయింది, ఖలాస్ అంటున్నారు. హైదరాబాద్‌లో ఫ్లాట్ తాళాలు కూడా వచ్చేశాయి." మా ఆయనతో చెప్పాను. "ఓహో" అన్నాడు. ఆ రాత్రి అన్నంలో పెరుగు కలపకుండానే లేచిపోయాడు. మర్నాడు టేబుల్ కింది పెట్టె బయటికి లాగాడు. మనసు బాగాలేకపోతే కొందరు గుడికి వెళతారు, మా ఆయన బోల్టులు విప్పుతాడు.

పాత గొట్టాలు విప్పడానికే రెండు సాయంత్రాలు పట్టింది. తుప్పు వదిలే నూనె కొట్టి, నానబెట్టి, ఒక్కో బోల్టునీ బతిమాలి బయటికి తీశాడు. శుక్రవారం పొద్దున్న కుడివైపు హెడరు ఎలాగో కూర్చుంది. ఎడమవైపు కుదరలేదు. స్టీరింగ్ రాడ్డు అడ్డం. హెడరుని పైనించి దించి ఒకరు పట్టుకోవాలి, మరొకరు కారు కింద పడుకుని బోల్టులు ఎక్కించాలి. ఇంజినుకీ హెడరుకీ మధ్య పెట్టే పల్చటి గాస్కెట్ రేకు జారిపోతూ ఉంటే, నా కుట్టుపెట్టెలోంచి దారం తీసుకెళ్లి హెడరుకి కట్టాడు. పట్టుకునే పని నాకు వచ్చింది. నా చేతులు ఆ బరువుకి ఎంతసేపు ఆగుతాయి? పైగా పొయ్యి మీద పప్పు. "కాస్త ఎత్తు, కాస్త ఎత్తు" అని కిందనుంచి ఆయన, "నీ కారుకో దండం" అని పైనించి నేను. చివరికి హెడరు కింద పెట్టేసి లోపలికొచ్చి అక్కయ్యకి ఫోన్ చేశాను. "మీ ఇంట్లో టార్క్ రెంచి ఉందిగా? ఒకసారి ఎవరితోనైనా పంపుతారా?" అన్నాను. బోల్టు ఎంత బిగించాలో అంత బిగియగానే టక్కుమని చెప్పే పనిముట్టు అది. నిజంగానే మా దగ్గర లేదు. కానీ నేను అడిగింది రెంచి కోసమే అని ఇప్పుడు కూడా ప్రమాణం చేయలేను.

బావగారే వచ్చారు. తెల్ల ఇస్త్రీ చొక్కా, చేతుల్లో పసిపిల్లని ఎత్తుకున్నట్టు తువ్వాలులో చుట్టిన రెంచి పెట్టె. "ఇది ఎవరితో పడితే వాళ్లతో పంపేది కాదమ్మాయ్, కింద పడితే లెక్క తప్పుతుంది" అన్నారు నాతో. షెడ్డులోకి వెళ్లి, స్టాండ్ల మీద కారు గట్టిగా నిలబడిందో లేదో చేత్తో ఊపి చూశారు. కారు కిందనుంచి మా ఆయన కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కాళ్లు కదలడం మానేశాయి.

"అమ్మాయ్, ఆ వెనక బోల్టు ముందు ఎక్కించమను. లేకపోతే తర్వాత చెయ్యి దూరదు" అన్నారు బావగారు.

"నాకు తెలుసని చెప్పు" అంది కారు కిందనుంచి గొంతు.

మధ్యలో నేను. ఇద్దరి మధ్యా దూరం ఒక బానెట్టు ఎత్తు. నేను మళ్లీ హెడరు ఎత్తి లోపలికి దించాను. ఈసారి నా పట్టు తప్పి, అది ఒక్కసారిగా జారింది.

"అన్నయ్యా, పట్టుకో!"

ఆ కేక షెడ్డు రేకులకి తగిలి తిరిగి వచ్చింది. బావగారు రెంచి పెట్టె నా చేతిలో పెట్టి, చొక్కాతో సహా మోచేతుల దాకా ఇంజినులోకి దూరి హెడరుని అందుకున్నారు. "పట్టుకున్నాన్రా, చెయ్యి తియ్. వేలు నలిగిందా?"

"లేదు."

"చూపించు."

గ్రీజు పూసుకున్న ఒక చెయ్యి గొట్టాల సందులోంచి పైకి వచ్చింది. బావగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి వదిలారు. నేను పప్పు మాడుతోందని లోపలికి పరిగెత్తాను. అది అప్పటికే మాడిపోయింది.

టీ పట్టుకుని తిరిగి వచ్చేసరికి నా అడుగు గుమ్మంలోనే ఆగింది. బావగారు ఇంజిను మీదికి వంగి ఉన్నారు, మా ఆయన కింద ఉన్నాడు. ఒకరి ముఖం ఒకరికి కనబడదు.

"ఒక్క మాట చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేదిరా?"

"చెప్తే వద్దనేవాడివి."

బావగారు హెడరుని కాస్త పైకెత్తి పట్టుకున్నారు. "అవును, వద్దనేవాణ్ణే."

"నువ్వు వద్దంటే నేను ఆగిపోయేవాణ్ణన్నయ్యా. చిన్నప్పట్నించీ నువ్వు వద్దన్నది నేను ఎప్పుడైనా చేశానా? అందుకే చెప్పలేదు."

గోడ అవతల ఎవరో నీళ్ల ట్యాంకరు వెనక్కి తీస్తున్నారు. పీ పీ అని ఒకటే మోత. నా చేతిలో టీ చల్లారిపోతోంది, అడుగు ముందుకు వేయడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

"ఆ రోజు నేనన్న మాట..." అని మొదలుపెట్టి బావగారు ఆపేశారు. "అనకుండా ఉండాల్సింది."

కిందనుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. తర్వాత, "ఇంకాస్త నీవైపు లాగు. ఆఁ, ఎక్కింది" అని వినిపించింది.

"వేళ్లతోనే ఎక్కించు. అన్నీ ఎక్కాక గానీ బిగించకు. మధ్య వాటి నుంచి మొదలుపెడదాం."

అప్పుడు టీ తీసుకెళ్లాను. చల్లటి టీ అని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

మధ్యాహ్నానికి అన్నీ బిగించడం అయింది. రెంచి టక్కుమన్నప్పుడల్లా బావగారు తలూపేవారు. మా ఆయన సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. కారు ఒక్కసారి దగ్గి, అందుకుంది. నేను ఊహించుకున్న గోల కాదది. లోతుగా, నిండుగా, పొట్టలోంచి వచ్చే గొంతు. కానీ మరుక్షణం బానెట్టు కిందనుంచి పొగ! మాడిన నూనె, కాలిన పెయింటు కలిసిన వాసన. నేను నీళ్ల బకెట్టు అందుకోబోయాను. బావగారు నవ్వారు. "ఏం కాదమ్మాయ్, కొత్త గొట్టాల పూత కాలుతోంది. మొదటిసారి అంతే." అంటూ ఇంజిను దగ్గర చెవి పెట్టి, ఒకచోట చెయ్యి చూపించి నన్ను పిలిచారు. "విను. టిక్ టిక్ అంటోందా? అక్కడ గాలి పోతోంది. చల్లారాక మళ్లీ బిగించాలి." నా చదువు ఆ రోజే మొదలైంది. ఆ తెల్ల చొక్కాకి పట్టిన మసి మాత్రం ఏ సబ్బుకీ వదల్లేదని అక్కయ్య తర్వాత చెప్పింది. మాడిన పప్పునే ఆవకాయ కలుపుకుని తిన్నారు ఇద్దరూ. వెళ్లేటప్పుడు బావగారు రెంచి తీసుకోలేదు. "రేపు రావాలిగా" అన్నారు.

వచ్చారు. ఆ తర్వాతి శుక్రవారం స్టార్టరు వైరుకి వేడి తగులుతోందని ఇద్దరూ అమ్ఘరాలో పాత కార్లు విప్పి అమ్మే చోటికి వెళ్లి, ఆ సామాన్ల మధ్య పొద్దంతా తిరిగి, అడ్డం పెట్టే రేకుతో పాటు, ఏ కారుదో కూడా తెలియని ఒక పక్క అద్దం తెచ్చారు. "ఇదెందుకు?" అంటే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మరో శుక్రవారం ఏ పనీ లేకుండానే బానెట్టు ఎత్తి పక్కపక్కన నిలబడి, లోపలికి చూస్తూ ఎప్పటెప్పటి కబుర్లో చెప్పుకున్నారు. అక్కయ్యా నేనూ వంటింటి కిటికీలోంచి చూస్తూ నవ్వుకునేవాళ్లం. నవ్వుతూనే ఆవిడ ఒకసారి కళ్లు తుడుచుకుంది. "ఎప్పుడో చేయించాల్సిందే ఈ రిపేరు" అంది.

వాళ్లు వెళ్లే రోజు పెట్టెలన్నీ నా కారులో ఎక్కించాం. అక్కయ్య నా పక్కన కూర్చుంది. బావగారు తమ్ముడి కారు తలుపు తీసి, ఆ ఇరుకు సీట్లో మోకాళ్లు మడుచుకుని కూర్చుని, "యల్లా, పోనీ" అన్నారు. ఎయిర్‌పోర్ట్ రోడ్డు పొడుగునా వాళ్లు మా ముందే ఉన్నారు. వెనక అద్దంలోంచి రెండు తలలు, ఏదో చెప్పుకుంటూ ఊగుతున్నాయి. మా ఆయన ఎప్పుడూ అంత నెమ్మదిగా నడపలేదు.

వాళ్లిద్దరూ మాట్లాడుకోని ఏళ్లు ఎలా గడిచాయో ఇప్పుడు తలుచుకుంటే నాకు సరిగ్గా గుర్తుకే రావు, అన్నీ కలిసి ఒక్క రోజులా ఉంటాయి. మాట్లాడుకున్న ఆ కాసిని శుక్రవారాలు మాత్రం ఎంత పొడుగో, ఎంత తలుచుకున్నా తరగవు.