అంతమ్మ పెట్టిన వంతు

పొద్దున్నే అత్తాపూర్‌లో మా అపార్టుమెంటు వాచ్‌మన్ మోటారు వేస్తాడు. స్టార్టరు ఠక్కుమంటుంది, వెంటనే మోటారు గుర్రుమంటుంది. నోటిదాకా వచ్చిన మాట ఏదున్నా ఆ చప్పుడుకి మింగేస్తాను. "నీ నోరు ఆపగలిగింది ఆ స్టార్టరు డబ్బా ఒక్కటే" అని మా ఆయన నవ్వుతాడు. డబ్బా కాదు, అంతమ్మ. ఆమె నన్ను ఆపగలిగిందా, లేదా అన్నది మాత్రం ఇన్నేళ్లయినా నాకు తేలలేదు.

విమానాశ్రయం తెరిచిన కొత్తలో శంషాబాద్‌లో అంతమ్మ ఇంటి పై గదిలో కిరాయికి దిగాం. నేను, శ్రీధర్, లత. ముగ్గురం ఒకే చోట ఉద్యోగం మానేసి వచ్చినవాళ్లం. విమానంలో వెళ్లే మందులు దారిలో వేడెక్కాయో లేదో నమోదు చేసే చిన్న పరికరం తయారు చేయాలని మా ఆశ. పరికరం శ్రీధర్‌ది, ప్రోగ్రాము లతది, నోరు నాది. అంటే కొనేవాళ్లతో మాట్లాడటం నా పని. నేను ఎవరినీ వదిలేదాన్ని కాదనుకోండి. పెట్టె సైజు దగ్గర్నుంచి ముందు ఎవరికి చూపించాలన్న దాకా ప్రతిదానికీ ముగ్గురం మూడు వైపుల వకీళ్లం. సాయంత్రానికి గొంతులు అరిగేవి. పని మాత్రం పొద్దున ఉన్నచోటే ఉండేది.

ఒకరోజు అంతమ్మ మెట్లెక్కి వచ్చింది. అరవై దాటిన మనిషి. ఉమ్మడి బోరు కింద సేద్యం చేసిన ఇంటికి పెద్ద కోడలు. గుమ్మంలోనే చతికిలబడింది.

"ఏంది బిడ్డా, పొద్దుగాల సంది గీ లొల్లి? ఎవలన్న సచ్చిన్రా?"

"లేదు పెద్దమ్మా. స్విచ్ కుడివైపు పెట్టాలా, ఎడమవైపు పెట్టాలా అని."

ఆమె మమ్మల్ని ముగ్గురినీ ఎగాదిగా చూసింది. "మా ఇంట్ల ముగ్గురన్నదమ్ములకు ఒకటే బోరు. ఒక్కో దినం ఒక్కొక్కరి వంతు. వంతున్నోడే స్టార్టరు ముట్టాలె. తక్కినోళ్లు నోరు మూస్కోవాలె."

"వాడు తప్పు చేస్తే?" అన్నాను. అనకుండా ఎలా ఉంటాను?

"చేస్తె చేస్తడు. ఎల్లుండి నీ దినం రాదా?"

మర్నాడే గోడకు పేర్లు అంటించాం. ఎవరి రోజున వాళ్లదే ఆఖరి మాట. నమ్మబుద్ధి కాలేదు గానీ పని కదిలింది. మూడు రోజుల్లో రెండు రోజులు నా నోటికి తాళం.

ఒక గురువారం శ్రీధర్ వంతు. పూలు ఎగుమతి చేసే పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. అంకెలూ అవీ వద్దు, పూలపెట్టె వేడెక్కగానే ఎర్రదీపం వెలిగితే చాలు, సోమవారానికి అలాంటివి పది కావాలి అన్నాడు. "మందుల పరికరం పూర్తయ్యేదాకా ఇంకోటి పట్టుకోమండీ" అని శ్రీధర్ పంపేశాడు. అప్పటికి మాకు కొనేవాడంటూ ఒక్కడు లేడు. నేను ఆయన వెనకే మెట్లు దిగాను. గేటు దగ్గర ఆయన కారు తలుపు తీస్తున్నాడు.

"సోమవారానికి ఇస్తాం" అన్నాను.

వెనక్కి తిరిగితే మెట్ల మీద శ్రీధర్.

"ఇవాళ ఎవరి వంతు వసుధా?"

"మునిగిపోతూ కూడా వంతులు చూసుకుందామా?"

"ఒక్కమాట నన్ను అడిగి ఉంటే ఒప్పుకునేవాడినేమో."

ఆ పది పెట్టెలూ సోమవారానికి అతనే చేసిచ్చాడు, వంక పెట్టడానికి లేకుండా. ఆ సాయంత్రమే తన సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

పోట్లాడటానికి సిద్ధమై అంతమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "నేను చేసింది తప్పా పెద్దమ్మా?"

చేతిలో కాయ ఒలిచి గింజలు చాటలో వేసింది. "ఒకపారి మా మరిది వంతు. ఆడు పెండ్లికి పోయిండు. కరెంటున్నది. నా టమాట నారు ఎండుతున్నది. నేను స్టార్టరు ముట్టలే. నారంత సచ్చింది."

"అంటే ముట్టకపోవడమే రైటా?"

"ఏమో బిడ్డా. మరిది ఇయ్యాల్టికీ నా ఇంట్ల బువ్వ తింటడు. నారైతే పాయె. ఏది రైటో నాగ్గూడ సమజ్ గాలే."

"మరి మాకెందుకు చెప్పావు?"

"మీ లొల్లికి నా చెవులు పోతున్నయని చెప్పిన."

ఆ ఎర్రదీపం పెట్టెల మీదే మా కంపెనీ నిలబడింది. ఇప్పటికీ నడుస్తోంది. మందుల పరికరం మాత్రం తయారు కాలేదు. అది శ్రీధర్ తలలో ఉండేది, అతనితోనే వెళ్లిపోయింది. నేను గెలిచానా అని లతను అడిగితే, "నన్ను మధ్యలోకి లాగకు" అంటుంది. అంతమ్మ పోయి కొన్నేళ్లయింది, ఇక ఆమెనూ అడగలేను.

ఇప్పుడు అదే పై గదిలో ఆరుగురం. గోడ మీద పేర్లు అలాగే ఉన్నాయి. వంతున్నవాళ్లు నా కళ్లముందే తప్పు నిర్ణయం తీసుకుంటుంటే లేచి మెట్లు దిగుతాను. గేటు దాకా వెళ్లి కాసేపు నిలబడతాను. ఆ రోజు ఎండిపోయేది ఏదో ఎండిపోతుంది. మళ్లీ పైకొచ్చి, తలుపు దగ్గర ఆగి, అందరూ ఉన్నారా అని తలలు లెక్కపెట్టుకుంటాను.