ఉమాదేవి జబ్బ కొలత

బందరు చిలకలపూడిలో ఉమాదేవి రోల్డుగోల్డు కొట్టు పెట్టి ఇరవై రెండేళ్లయింది. ఇన్నేళ్లలో ఎన్ని వంకీలు అమ్మిందో ఆవిడకే తెలియదు. పెళ్లికూతుళ్లకు అమ్మింది, సీమంతాలకు అమ్మింది, మొవ్వ వైపు డాన్సు నేర్చుకునే పిల్లలకు అమ్మింది. తన జబ్బకు మాత్రం ఒక్కటంటే ఒక్కటి పెట్టుకోలేదు. ఎవరైనా పెట్టి చూపించమంటే పక్కనున్న చెక్క చెయ్యికి తొడిగేది. ఆ చెక్క చెయ్యి సన్నగా, నున్నగా, పుట్టి బుద్ధెరిగాక అన్నం మొహం చూడనట్టు ఉంటుంది.

ఒకప్పుడు పెట్టుకోకపోవడానికి కారణం తేలిక. ఎనభై ఎనిమిది కిలోల మనిషి, వంకీ ఎక్కేది కాదు. తర్వాత షుగరొచ్చి, డాక్టరు బెదిరించి, పొద్దున్నే కాలేజీ గ్రౌండులో నడక మొదలుపెట్టింది. రెండేళ్లలో ఇరవై ఆరు కిలోలు తగ్గింది. బజారంతా మెచ్చుకున్నారు. అయితే ఒళ్లు తగ్గిన సంగతి చర్మానికి ఎవరూ చెప్పినట్టు లేదు. రెండు జబ్బల కిందా ఖాళీ జోలెల్లా వేలాడుతూ ఉండిపోయింది. దాంతో మనిషి తగ్గేకొద్దీ జాకెట్టు చేతులు పెరిగాయి, నలభై ఏడేళ్లకు మోచేయి దాటాయి.

కిందటి ఎండాకాలం ఒకరోజు కరెంటు పోయి, ఉక్కపోత భరించలేక జాకెట్టు చేతులు పైకి మడిచింది. గుడివాడ నుంచి వచ్చినావిడ పై అరలో ఉన్న పెట్టె తియ్యమంది. ఉమాదేవి చెయ్యెత్తింది. గల్లాబల్ల మీద కూర్చున్న ఆవిడ మూడేళ్ల కూతురు, ఎదురుగా ఊగుతున్న ఆ జోలెను వేలితో పొడిచింది. అది ఊగింది. మళ్లీ పొడిచింది. మళ్లీ ఊగింది. మూడోసారికి పాప పకపకా నవ్వింది. తల్లి సిగ్గుతో చచ్చిపోయింది. ఉమాదేవి తనూ నవ్వి, పాపకు చిన్న బుట్టకమ్మలు ఊరికే ఇచ్చి పంపింది. వాళ్లటు వెళ్లగానే కొట్టు తలుపు దగ్గరగా వేసి పక్కనున్న రేవతి బ్యూటీ పార్లరుకి వెళ్లి కూర్చుంది.

చుట్టరికం లేకపోయినా ఉమాదేవిని వదినా అనే పిలుస్తుంది రేవతి. గుడివాడలో ఉండే తన పిన్ని కూతురు సాయిదుర్గ జబ్బలకు లైపోసక్షన్ చేయించుకుందని చెప్పింది. సన్నటి గొట్టం పెట్టి కొవ్వు లాగేశారట. మినపగింజంత గాట్లు. నేనే వెతికినా కనపళ్లేదు వదినా అంది.

ఆ మాట ఉమాదేవికి అమృతంలా వినిపించింది. కనపడకపోతే భూషణానికి తెలియదు. భూషణం ఆవిడ భర్త. కొట్టు వెనక పెరట్లో షెడ్డు వేసుకుని, వంకీలు తనే చేస్తాడు. కోప్పడే మనిషి కాదు. చిక్కల్లా అక్కడే. చెబితే, చేతిలో పనిమీంచి తలెత్తకుండా, "నీకేం, బానే ఉన్నావు" అంటాడు. ఎనభై ఎనిమిది కిలోలప్పుడూ అదే అన్నాడు, అరవై రెండప్పుడూ అదే అన్నాడు, అదే గొంతుతో. ఆ మాట మూడోసారి వినే ఓపిక ఆవిడకు లేదు.

వంకీల్లో పొదిగే రాళ్లు కొనుక్కొస్తానని చెప్పి రేవతితో బెజవాడ వెళ్లింది. హన్నా గారని ప్లాస్టిక్ సర్జరీ డాక్టరు, నెమ్మదస్తురాలు. జబ్బను రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. సాయిదుర్గకు చర్మం బిగువుగా ఉండి లోపల కొవ్వుండి ఉంటుంది, మీకు కొవ్వు ఎప్పుడో పోయింది, మిగిలిందంతా చర్మమేనంది. గొట్టం పెట్టి ఆ కాస్తా లాగితే ఇంకా వేలాడుతుంది. ఆర్మ్ లిఫ్ట్ అయితే ఎక్కువున్న చర్మం కోసి కుడతారు. చంక నుంచి మోచేతి దాకా లోపలివైపు గీత పడుతుంది. ఏడాదికి పాలిపోతుంది గానీ పూర్తిగా పోదు. ఆరువారాలు చేతులు పైకెత్తకూడదు. షుగరు అదుపులో ఉండాలి. ఇవన్నీ చెప్పి, ఎంతవరకు పోతుందో జబ్బ మీద పెన్నుతో గీసి, తొందరేం లేదు, ఆలోచించుకోమంది.

ఉమాదేవి చెవికి గీత అన్న ముక్క ఒక్కటే ఎక్కింది. గీతంటే దాచలేని వ్యవహారం. రేవతి ఫోన్లో వెతికి ఇంకో క్లినిక్కు పట్టింది. వాళ్లు జబ్బను చూడనైనా చూడకుండా, సక్షన్ చేసేస్తాం, సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు అన్నారు. గురువారానికి పేరు రాయించేసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. పెన్ను గీత చెరిగిపోకముందే ఆవిడకో ముచ్చట పుట్టింది. పార్లరులో, వేలాడే చర్మాన్ని రేవతి వెనక్కి లాగి పట్టుకుంటే, రాబోయే జబ్బకు దారంతో కొలత తీసింది. వాళ్ల కొట్టులో పద్ధతే అది. వంకీ కావలసినవాళ్ల జబ్బకు దారం చుట్టి, ముడేసి, పేరు రాసిన చీటీ గుచ్చి గోడ మేకుకు తగిలిస్తారు. భూషణం వరసగా తీసుకుని చేస్తాడు. ఉమాదేవి తన దారాన్ని అందరి దారాల వెనక దాచింది. చీటీ మాత్రం గుచ్చలేదు. ఏమని రాస్తుంది?

బుధవారం మధ్యాహ్నం మొవ్వ నుంచి డాన్సు టీచరు పూర్ణిమ తన వంకీకోసం వచ్చింది. భూషణం షెడ్డులోంచి తనే పట్టుకొచ్చాడు. హంసల జత, మధ్యలో ఎర్రరాయి, ముచ్చటైన పని. పూర్ణిమ తొడుక్కుంది. వంకీ జబ్బ మీంచి జారి మోచేతి దగ్గర ఆగింది.

చీటీ రాలిపోయిన దారమొకటి కనపడితే మీదేననుకున్నానండీ అని భూషణం నొచ్చుకున్నాడు. పూర్ణిమ ఏమీ అనుకోలేదు. "ఇది ఎవరో పెద్దావిడ కొలత. ఆంటీ, మీకు సరిపోతుందేమో పెట్టి చూడండి" అంది, మంచిదానిలాగే. ఉమాదేవి మొహం వంకీలోని ఎర్రరాయిలా అయింది. పూర్ణిమ దారం చీటీతో సహా మేకుకే ఉంది. రెండ్రోజుల్లో చేసిస్తామని సాగనంపారు.

భూషణం చీటీ లేని ఆ దారం తీసి ముడి చూశాడు. వరసగా మూడు ముళ్లు వేసే అలవాటు ఇంట్లో ఒక్కరికే ఉంది.

"ఇది నీదే కదా ఉమా. నీ చెయ్యి ఇంత సన్నం కాదే."

ఇక దాచి లాభం లేక అంతా చెప్పేసింది. పాప పొడవడం, బెజవాడ, రేపటి గురువారం, అన్నీ. చెప్పి, ఆ మాటకోసం ఎదురుచూసింది. భూషణం ఆ మాట అనలేదు. చెయ్యి చూపించమన్నాడు.

రెండేళ్లుగా వెలుతురులో ఆ చెయ్యి ఆయనకు చూపించలేదు. జాకెట్టు చెయ్యి పైకి మడిచి, గోడవైపు తిరిగి చాపింది. ఆయన డాక్టరమ్మ పట్టుకున్నట్టే రెండు వేళ్లతో పట్టుకుని, వదిలి, షెడ్డులోకి రమ్మన్నాడు. గొలుసులో గుచ్చే బోలు గుండొకటి తీశాడు. పైన పల్చటి రేకు, లోపల లక్క. పట్టకారుతో మంటమీద పెడితే లక్క కరిగి చిల్లులోంచి బొట్లుబొట్లుగా కారింది. చల్లారాక ఆవిడ చేతిలో పెట్టి నొక్కమన్నాడు. గుండు సొట్టపోయింది.

"నీ దాంట్లో లక్క ఎప్పుడో కారిపోయింది. ఉన్నది రేకే. గొట్టం పెట్టి ఏం లాగుతారు?"

తిట్టో, వైద్యమో తెలియక ఉమాదేవికి నవ్వొచ్చింది. కోస్తే అతుకు కనపడుతుందిగా అంది.

"ఇరవై రెండేళ్ల నుంచి నువ్వు వస్తువు తిప్పి, అతుకు చూపించేగా అమ్ముతున్నావు" అన్నాడాయన. తర్వాత, అదీ పనిమీంచి తలెత్తి మరీ, "అక్కర్లేదనుకుంటే ఏదీ వద్దు. చేయించుకుంటే మాత్రం ఒంటరిగా వెళ్లకు" అన్నాడు.

గురువారం వెళ్లలేదు. మూడు నెలలు షుగరు కుదుటపరుచుకుని, భూషణాన్ని వెంటబెట్టుకుని హన్నా గారి దగ్గరే ఆర్మ్ లిఫ్ట్ చేయించుకుంది. ఊళ్లో మాత్రం బాత్రూములో జారిపడ్డానని చెప్పింది. ఆ అబద్ధానికి శిక్ష వెంటనే పడింది. చేతులకు బిగుతు తొడుగులతో కదలకుండా కూర్చున్న మనిషికి చిలకలపూడి ఆడవాళ్లు ఎముకలు అతుక్కునే పసరులు తెచ్చారు. ఎదురింటి వెంకాయమ్మ గారు గిలకలదిండి నుంచి చేపలు తెప్పించి, వారం రోజులు పులుసు పెట్టి పంపింది. పులుసు బాగుండటంతో ఉమాదేవి నిజం చెప్పడం ఇంకో వారం వాయిదా వేసింది. ఆ ఆరువారాలూ జడ వేసింది భూషణమే. వంకీల్లో వంకర రానివ్వని మనిషి, జడ మాత్రం రోజుకో వైపు పోయేది.

మొన్న ఆశ్లేష నక్షత్రం రోజున ఇద్దరూ మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళ్లారు. ఉమాదేవి పొట్టి చేతుల జాకెట్టు వేసుకుని, కుడి జబ్బకు హంసల వంకీ పెట్టుకుంది. దారం కొలతకు చేసిన వంకీ వేలెడు బిగువైతే భూషణం వెనక ఒక లింకు కలిపాడు. క్యూలో వెనకనున్నావిడ చాలాసేపు వంకీనే చూసి, ఎక్కడ కొన్నారని అడిగింది. అంతలో ఉమాదేవి చెయ్యెత్తి క్యూ కమ్మీ పట్టుకోవడంతో లోపలివైపు గులాబీరంగు గీత కనపడింది.

"ఇదేంటండీ, ఇంత పొడుగు దెబ్బ?"

ఉమాదేవికి బాత్రూము అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. భూషణం ఎటో చూస్తూ నిలబడ్డాడు. ఉమాదేవి జబ్బ తిప్పి, కొట్టులో వస్తువు తిప్పి చూపించినట్టే, గీత మొత్తం చూపించింది.

"దెబ్బ కాదండీ, అతుకు. ఎక్కువైన చర్మం తీయించుకున్నాను. చూడండి, ఎంత నీటుగా పడిందో."

వెనకావిడ వంగి శ్రద్ధగా చూసి, తలూపి, తన పైట కాస్త పక్కకు జరిపి, మోచేతి కిందకు దిగిన జాకెట్టు చెయ్యిని నెమ్మదిగా పైకి మడవడం మొదలుపెట్టింది. దర్శనం దాకా ఇంకా గంట క్యూ ఉంది. ఉమాదేవి సంచీలోంచి దారం ఉండ తీసింది.